నీళ్ల ట్యాంకర్ తెచ్చినవాడిదే వీధి: ‘వర్మ్’ నవల

ఈ నవల పూర్తి చెయ్యడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా కిరాణా కొట్లో బేరాలు పెద్దగా ఉండవు. ఫోన్‌ని గల్లాపెట్టెకి ఆనించి పెట్టుకుని రోజుకి ఒక అధ్యాయం, తీరిక దొరికితే రెండు చదివేదాన్ని. మొత్తం 16 లక్షల మాటల పైచిలుకు. ఇంగ్లీషే గానీ కష్టమైన ఇంగ్లీషు కాదు. డబ్బు కట్టక్కర్లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది.

రచయిత కెనడావాడు, జాన్ మెక్రే. ‘వైల్డ్‌బో’ అన్న కలం పేరుతో 2011 జూన్‌లో మొదలుపెట్టి 2013 నవంబరు దాకా సీరియల్‌గా రాశాడు. మంగళవారం ఒక అధ్యాయం, శనివారం ఒకటి, అప్పుడప్పుడూ గురువారం అదనంగా ఇంకొకటి. మా అమ్మ స్వాతి వీక్లీలో వచ్చే సీరియల్ పేజీలు చింపి, గోనెసంచులు కుట్టే దారంతో కుట్టి దాచుకునేది. గురువారం నాటి ఆ అదనపు అధ్యాయం సంగతి తెలిసినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది. వారానికి ఇంకొక్క భాగం దొరికితే ఎంత మురిసిపోయేదో!

కథ అమెరికాలో, బ్రాక్టన్ బే అనే కల్పిత ఓడరేవు ఊళ్లో. ఓడల పని పోయి, జనానికి జీతాలు పోయి, వీధులు గూండా ముఠాల చేతుల్లో పడ్డ ఊరు. టేలర్ హెబర్ట్‌కి 15 ఏళ్లు. బళ్లో ముగ్గురు ఆడపిల్లలు ఆమెని రోజూ కాల్చుకు తింటుంటారు. వాళ్ల కంట పడకుండా మధ్యాహ్నం భోజనం బాత్రూంలో కూర్చుని తింటుంది. అక్కడికీ వచ్చి తలుపు పైనుంచి పళ్లరసం కుమ్మరిస్తారు. ఆ కథాలోకంలో కొందరికి వింత శక్తులుంటాయి, వాటితో కొందరు హీరోలవుతారు, కొందరు దొంగలవుతారు. టేలర్‌కీ ఒక శక్తి ఉంది. చుట్టూ రెండు మూడు వీధుల మేర ఉన్న పురుగులన్నీ, అంటే ఈగలూ, చీమలూ, కందిరీగలూ, సాలీళ్లూ, ఆమె చెప్పినట్టు వింటాయి. ఆ క్షణంలో ఒక్క ఆలోచన చాలు, ఆ ముగ్గురి పనీ అయిపోయేది. చెయ్యదు. తడిసిన పుస్తకాలు తుడుచుకుని ఇంటికి వెళ్లిపోతుంది. ఆ పేజీ దగ్గరే నేను ఈ పిల్లకి కట్టుబడిపోయాను.

తన దుస్తులు తనే తయారు చేసుకుంటుంది, అదీ ఇంటి నేలమాళిగలో విషపు సాలీళ్లని పెంచి, వాటి దారంతో నెలల తరబడి నేయించి. నాన్నకి తెలియదు. ఆమెకి కావలసిందల్లా మంచి హీరో అనిపించుకోవడం. మొదటి రాత్రే లంగ్ అనే డ్రాగన్ మనిషితో తలపడుతుంది. కొందరు దొంగలు ఆమెని తమలాంటిదే అనుకుని సాయం చేస్తారు. వాళ్లలో చేరి, గుట్టు లాగి హీరోలకి అప్పగిద్దామనుకుంటుంది. కానీ బళ్లో ఒక్క స్నేహితురాలు లేని పిల్లకి ఆ ముఠాలోనే స్నేహితులు దొరికారు. ఇక అక్కడినుంచి జారడమే. బ్యాంకు దోపిడీలో బందీల ఒంటి మీదికి విషపు సాలీళ్లని ఎక్కించి, కదలొద్దని చెబుతుంది. ప్రతి అడుగుకీ ఆమె దగ్గర ఒక కారణం ఉంటుంది. కథ ఆమె గొంతులోనే నడుస్తుంది కాబట్టి ఆ కారణాలు మనకీ సబబుగానే తోస్తాయి. తీరా తల పైకెత్తి చూస్తే చాలా దూరం వచ్చేసి ఉంటాం.

ఎనిమిదో భాగంలో లెవియథన్ అనే సముద్రపు రాక్షసి ఊరిని ముంచేస్తుంది. ఆ యుద్ధం చాలా బాగుంది, చాలామంది పొగిడేది దాన్నే. నా మనసు పట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి కథ. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, ప్రభుత్వం అన్ని వీధులకీ చేరలేకపోతోంది. కాయిల్ అనే పెద్ద తలకాయ ఊరిని ముక్కలు చేసి టేలర్ ముఠాకి పంచుతాడు. సముద్రం ఒడ్డునున్న వీధులు ఆమె వంతు. పురుగుల దండుతో వెళ్లి ఇది ఇకనుంచి నా ఇలాకా అని ప్రకటించి, ఆ వెంటనే తిండీ, నీళ్లూ ఉన్న పెట్టెలు పంచుతుంది. శిథిలాలు ఎత్తడానికి కూలికి మనుషుల్ని పెడుతుంది. జనాన్ని పీడిస్తున్న మత్తుమందు ముఠాని తరుముతుంది. తమ్ముణ్ణి ఆ ముఠా లాగేసుకుందని ఒక అమ్మాయి వచ్చి మొరపెట్టుకుంటే, వెతకడానికి తనే వెళుతుంది. సామ్రాజ్యం కట్టడమంటే ఈ నవలలో ఇదే: పెట్టెలు మొయ్యడం, ఎవరి ఇంట్లో ఎవరికి ఏం కావాలో తెలుసుకోవడం.

ఇది ఇంత నిజంగా అనిపించడానికి నాకో కారణముంది. మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. మా షట్టర్ మధ్యలో లోపలికి వంగిపోయింది, బియ్యం బస్తాలు తడిసి ముద్దయ్యాయి. కరెంటు లేక బోరు మోటార్లు తిరగలేదు. ఎదురుగా సముద్రమే గానీ ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు. మా వీధిలో సెటిల్‌మెంట్లు చేసే ఒకతను ఉండేవాడు. అతని బండి చప్పుడు వింటే ఆడవాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు. మూడో రోజు పొద్దున్న, పడిపోయిన చెట్లని కొట్టించుకుంటూ నీళ్ల ట్యాంకర్‌తో వీధిలోకి వచ్చిన మొదటి మనిషి అతనే. వెనక ట్రాలీ ఆటోలో జనరేటర్ కూడా తెచ్చాడు. “బాబాయ్, బిందెలు బయట పెట్టమను, ముసలోళ్ల ఇళ్లకి మా కుర్రాళ్లే మోస్తారు” అన్నాడు మా నాన్నతో. పైసా తీసుకోలేదు. సాయంత్రానికి వీధంతా అతన్ని అన్నా అని పిలుస్తోంది. నేనూ పిలిచాను.

మరుసటి ఏడు వినాయక చవితి చందాకి అతని మనుషులు వచ్చారు. ఏటా నాన్న 116 రూపాయలు ఇచ్చేవాడు. ఆసారి అయిదు వేలు రాసుకుని వచ్చారు. నాన్న మారు మాట్లాడకుండా లెక్కపెట్టి ఇచ్చేశాడు. ఏంటి నాన్నా ఇది అంటే, “నీళ్లు తాగాం కదమ్మా” అన్నాడు.

నాన్న అన్న ఆ మాట లోతు ఈ నవలకి తెలుసు. టేలర్ వీధుల్లో జనం ఆమెకి భయపడతారు, ఆమె ఉన్నందుకు నిద్రపోతారు కూడా. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఎలా ఉంటాయో రచయిత ఓపిగ్గా చూపించాడు. ఆమె పంచే ప్రతి పెట్టె వెనకా కాయిల్ డబ్బుంది. ఆ కాయిల్ చేతిలో డైనా అనే 12 ఏళ్ల పిల్ల బందీగా ఉంది. జరగబోయేది ఎంత శాతం నిజమవుతుందో చెప్పగలదు డైనా. అందుకని మత్తుమందు ఇచ్చి మరీ చెప్పిస్తుంటాడు. టేలర్ పాల్గొన్న బ్యాంకు దోపిడీ సందట్లోనే ఆ పిల్లని ఎత్తుకుపోయారు. ఆ పిల్లని విడిపించి తన పాపం కడుక్కోవడానికి ఆ కాయిల్ దగ్గరే మంచి పనిమంతురాలిగా పేరు తెచ్చుకోవాలి టేలర్. ఇలాంటి ముడి వేసిన రచయితకి దణ్ణం పెట్టాలి.

లోపాలు లేవని కాదు. పదకొండు నుంచి పధ్నాలుగో భాగం దాకా ఒక హంతకుల ముఠా కథ వస్తుంది. మనుషుల్ని కోసి కుట్టే ఒక చిన్నపిల్ల ఉంటుంది అందులో, భోజనం ముందు చదవకండి. పిల్లలకి ఇవ్వకండి. వరసగా నాలుగైదు అధ్యాయాలు కొట్లాటే నడిచే చోట్లు ఉన్నాయి. ఎవరు ఏ గోడ వెనక ఉన్నారో నాకు గుర్తుండక వెనక్కి వెళ్లి చూసుకోవాల్సి వచ్చింది. వారానికి రెండు మూడు అధ్యాయాలు రాసినప్పుడు కత్తిరించే తీరిక ఎక్కడిది! చివరి భాగాల ముందు కథ ఒక్కసారిగా రెండేళ్లు ముందుకి దూకుతుంది. ఏడు నెలలు వెంట నడిచిన నాకు ఆ రెండేళ్లలో ఏం జరిగిందో వివరంగా కావాలి, సారాంశం చాలదు. ఆ బాధ ఇంకా ఉంది.

మొదటిసారి చదివేవాళ్లు ఎనిమిదో భాగం పూర్తయ్యే దాకా ఆగి చూడండి. అప్పటికీ పట్టుకోకపోతే వదిలెయ్యొచ్చు. పదహారో భాగంలో కాయిల్ లెక్క తేలుతుంది. కొంచెం విశ్రాంతి తీసుకోవాలంటే అక్కడ తీసుకోవచ్చు.

రాత్రి కొట్టు కట్టేసి చిల్లర లెక్కపెట్టేటప్పుడు ఈ కథ నాన్నకి ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని. ఆయనకి రాక్షసులూ, డ్రాగన్లూ ఎక్కలేదు. టేలర్ నాన్న డానీ మాత్రం బాగా ఎక్కాడు. రేవు కార్మికుల సంఘంలో పనిచేస్తూ, ఆగిపోయిన పడవ సర్వీసుని మళ్లీ నడిపించమని ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరుగుతుంటాడు డానీ. పని లేని మనుషులకి ఎక్కడో ఒక చోట పని చూపించాలని తాపత్రయం. భార్య కారు ప్రమాదంలో పోయింది. కూతురు చెప్పాపెట్టకుండా రాత్రిళ్లు ఎక్కడికి వెళుతోందో తెలియక వంటింట్లో కూర్చుని ఎదురుచూస్తాడు.

ఇప్పుడు రెండోసారి మొదలుపెట్టాను, మూడో భాగంలో ఉన్నాను. నిన్న రాత్రి పది రూపాయల నాణేలు దొంతర పెడుతూ నాన్న అడిగాడు, “ఆ పిల్ల వాళ్ల నాన్నకి చెప్పిందా?” అని.

“ఇంకా లేదు నాన్నా,” అన్నాను.