ఏడేళ్లుగా టైప్‌స్క్రిప్ట్: నాకు ఏమిచ్చింది, ఎక్కడ చెయ్యి వదిలేసింది

2018లో మొదటిసారి టైప్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయాల్సి వచ్చినప్పుడు నాకది అదనపు చాకిరీలా అనిపించింది. అప్పటికే నాలుగేళ్లుగా బ్రౌజర్లు నడిపే భాష జావాస్క్రిప్ట్‌లో రాస్తున్నాను. ప్రతి ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏం తిరిగిస్తుందో విడిగా రాసిపెట్టమంటే విసుగొచ్చింది. మా టీమ్‌లో సీనియర్ పట్టుబట్టారు కాబట్టి మొదలుపెట్టాను. ఆ తర్వాత రెండు కొత్త ప్రాజెక్టులు తొలిరోజు నుంచీ దాంట్లోనే రాశాను. మూడోది మాత్రం వేరు. అరవై వేల లైన్ల పాత జావాస్క్రిప్ట్, రాసినవాళ్లలో సగం మంది వెళ్లిపోయారు, టెస్టులు అక్కడక్కడా ఉన్నాయి. దాన్ని ఒక్కో ఫైలు చొప్పున పద్నాలుగు నెలలు మార్చాం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ మూడోదాని గురించే, ఎందుకంటే కొత్త ప్రాజెక్టులో ఏ భాషైనా మొదటి ఆరు నెలలు ముద్దుగానే ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరులో దీన్ని బయటపెట్టింది. దీని వెనక ఉన్న ఆండర్స్ హైల్స్‌బర్గ్ అంతకుముందు టర్బో పాస్కల్‌ను తయారుచేసి, సీ షార్ప్ భాషకు రూపమిచ్చిన మనిషి. జావాస్క్రిప్ట్ మీద టైపులు, అంటే ఏ విలువ ఏ రకమో చెప్పే గుర్తులు, చేర్చి రాస్తాం, కంపైలర్ అనే ప్రోగ్రాం వాటిని సరిచూస్తుంది, ఆ తర్వాత టైపులన్నీ తీసేసి మామూలు జావాస్క్రిప్ట్ ఇస్తుంది. బ్రౌజర్లో నడిచేది ఆ మామూలు జావాస్క్రిప్టే. ఈ చివరి మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది, ఒక పెద్ద నష్టమూ జరిగింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు మంచి సంగతి. పాత ప్రాజెక్టులో కస్టమర్‌కి ఒకే అడ్రస్ ఉండేది. దాన్ని ఒకటికంటే ఎక్కువ అడ్రసులుగా మార్చమన్నారు. ఇలాంటి మార్పునే అంతకు రెండేళ్ల ముందు, ఇంకా అంతా జావాస్క్రిప్ట్‌లో ఉన్నప్పుడు, ఫోన్ నంబర్ల విషయంలో చేశాం. 'ఫోన్' అన్న పదాన్ని కోడంతా వెతికి, దొరికిన చోటల్లా మార్చి, రెండు వారాల తర్వాత రిలీజ్ చేస్తే, నెలరోజులపాటు ఏదో ఒక మూల నుంచి బగ్ వస్తూనే ఉంది. అడ్రస్ దగ్గరికి వచ్చేసరికి కోడ్‌లో చాలాభాగం టైప్‌స్క్రిప్ట్‌లోకి వచ్చేసింది. టైపులో ఒక్క లైను మార్చాను. కంపైలర్ ఎనభై మూడు చోట్ల ఎర్రర్ చూపించింది. వాటిలో కొన్ని ఫైళ్లు ఉన్నట్టే నాకు తెలియదు. మర్నాడు సాయంత్రానికి ఎనభై మూడూ సరిచేశాం. రిలీజ్ తర్వాత ఒకే ఒక్క బగ్ వచ్చింది, అదీ ఇంకా ఎవరూ సరిగా మార్చని రీఫండ్ లెక్కల ఫైల్లో. అక్కడ అన్నిటికీ 'ఎనీ' అని పెట్టి ఉంది. 'ఎనీ' అంటే ఇక్కడ చూడొద్దని కంపైలర్‌కి చెప్పడమే. చూడలేదు మరి.

టైప్‌స్క్రిప్ట్ ఎందుకని ఎవరైనా అడిగితే ఎక్కువమంది "తప్పులు పడుతుంది" అంటారు. పట్టే మాట నిజమే. కానీ నాకు దక్కినది వేరు. పాత కోడ్ మీద చెయ్యి వెయ్యాలంటే ఉండే భయం పోయింది. వేరేవాళ్లు ఐదేళ్ల కిందట రాసిన ఫంక్షన్ పేరు బాగోలేదనిపిస్తే ఇప్పుడు మార్చేస్తాను. అంతకుముందు పేరు బాగోలేదని తెలిసినా వదిలేసేవాణ్ణి. అలా వదిలేసిన పేర్లు పేరుకుపోయే ఆ ప్రాజెక్టు అంత అయోమయంగా తయారైంది.

ఇక నల్ సంగతి. విలువ లేదని చెప్పే గుర్తులు నల్, అన్‌డిఫైన్డ్. రాసిన టైపులో అవి ఉండొచ్చా లేదా అని తేల్చి చూసే సెట్టింగ్ 2016లో వెర్షన్ 2.0తో వచ్చింది, పేరు స్ట్రిక్ట్‌నల్‌చెక్స్. మా మార్పిడి మొదలైన నాలుగో నెలలో దాన్ని ఆన్ చేశాం. వెయ్యికి పైగా ఎర్రర్లు. ఆ రోజు టీమ్ అంతా దాన్ని ఆపేయమనే అంది. ఆపలేదు, రోజుకి ఇరవై చొప్పున తీసుకున్నాం. ఒక్కో ఎర్రర్ దగ్గర ఆగితే అదొక ప్రశ్నలా కనిపించేది: ఇక్కడ యూజర్ లేకపోతే ఏం చెయ్యాలి? చాలా చోట్ల దానికి జవాబు ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. లాగిన్ కాకుండా కొనేవాళ్లకి ఇన్వాయిస్ పేజీ తెల్లగా వస్తోందన్న ఫిర్యాదు ఏడాదిగా "మాకు రావట్లేదు" అన్న కారణంతో మూలపడి ఉంది. మేమందరం లాగిన్ అయ్యే పరీక్షించేవాళ్లం కాబట్టి మాకు రాలేదు. అది ఈ ఎర్రర్లలో ఒకటిగా బయటపడింది. పేజీ తెరవలేక ఏడాదిపాటు ఎంతమంది తిరిగి వెళ్లిపోయారో అనుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. కంపైలర్ నోరు మూయించడం చాలా తేలిక. వేరియబుల్ పక్కన ఒక ఆశ్చర్యార్థకం పెడితే చాలు, "ఇది నల్ కాదు, నా మాట నమ్ము" అన్నట్టు. 'ఆజ్' (as) అని రాసి ఒక టైపుని దానికి దగ్గరి ఇంకో టైపు అనొచ్చు, మధ్యలో 'ఎనీ' పెడితే ఏ టైపునైనా. గడువు దగ్గర పడ్డప్పుడు వీటి మీదికే చెయ్యి పోతుంది. మేం కోడ్‌లో నియమాలు తప్పితే చెప్పే లింట్ అనే సాధనంలో ఆశ్చర్యార్థకాన్ని నిషేధించాం, 'ఆజ్' వాడితే పైన ఎందుకో ఒక వాక్యం రాయాలన్నాం. ఆ వాక్యం రాయబోయి, రాయలేక, కోడే మార్చుకున్న సందర్భాలు నాకే చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఆ నష్టం సంగతి. రెండో ప్రాజెక్టు తొలిరోజు నుంచీ టైప్‌స్క్రిప్టే, చాలా తనిఖీల్ని ఒక్కసారే పెట్టే 'స్ట్రిక్ట్' సెట్టింగ్ ఆన్, 'ఎనీ' ఒక్కటీ లేదు. నాకు దాని మీద చాలా నమ్మకం. మేం వాడే ఒక బయటి సర్వీస్ నుంచి డెలివరీ చార్జీ వస్తుంది. ఆర్డర్ మొత్తానికి దాన్ని కలపాలి. మా టైపులో అది నంబర్ అని రాసి ఉంది. ఒకరోజు అటువైపు ఏదో మార్చారు, చార్జీ నంబర్‌గా కాక స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాల వరుసగా, రావడం మొదలైంది. జావాస్క్రిప్ట్‌లో నంబర్‌కి స్ట్రింగ్ కలిపితే కూడిక జరగదు, రెండూ పక్కపక్కన అతుక్కుంటాయి. 1200కి 50 కలిస్తే 1250 రావాల్సిన చోట 120050 వచ్చింది. నలభై నిమిషాలపాటు అలా బిల్లులు వెళ్లాయి. కొందరు కట్టేశారు కూడా. డబ్బు వెనక్కి ఇచ్చాం, ఒక్కొక్కరికీ క్షమాపణ రాశాం.

కంపైలర్ ఎందుకు పట్టలేదంటే, అది పట్టే అవకాశమే లేదు. టైపులు తీసేశాక నడుస్తోంది ఆ కోడ్. నెట్‌వర్క్ నుంచి ఫెచ్ ఫంక్షన్‌తో తెచ్చిన జవాబుని జేసన్ (డేటా పంపే టెక్స్ట్ రూపం) నుంచి చదివితే వచ్చేదాని టైపు 'ఎనీ'యే. దానికి నేను రాసుకున్న టైపు నా కోరిక మాత్రమే, అటువైపు దాన్ని ఒప్పుకున్నవాళ్లెవరూ లేరు. 'ఎనీ' ఒక్కటీ లేదని మురిసిపోయిన ప్రాజెక్టులోకి ప్రతి నెట్‌వర్క్ కాల్‌తోనూ ఒక 'ఎనీ' వస్తూనే ఉందన్నమాట. అప్పటినుంచి బయటినుంచి వచ్చే ప్రతిదాన్నీ, అంటే నెట్‌వర్క్ జవాబు, ఫారమ్, లోకల్ స్టోరేజ్, యూఆర్‌ఎల్‌లో వచ్చే విలువలు, గుమ్మం దగ్గరే జోడ్ లాంటి లైబ్రరీతో తనిఖీ చేస్తున్నాం. వచ్చినదానికి ముందు ఇదేమిటో ఇంకా తెలియదనే 'అన్‌నోన్' టైపు ఇస్తాం, 2018లో వెర్షన్ 3.0తో వచ్చిన టైపు అది. తనిఖీ దాటాకే దానికి పేరు. ఈ పని మొదటి వారంలోనే చెయ్యాల్సింది. టైప్‌స్క్రిప్ట్ మొదలుపెట్టే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే.

ఇంకొక చిక్కు ఉంది, చిన్నదే అయినా నన్ను ఒక రోజంతా తిప్పింది. టైప్‌స్క్రిప్ట్ టైపు పేరు చూడదు, ఆకారం చూస్తుంది. కస్టమర్ ఐడీ, ఆర్డర్ ఐడీ రెండూ స్ట్రింగులే కాబట్టి ఒకదాని చోట ఇంకోటి ఇచ్చినా మాట్లాడదు. అలాగే లిస్టులో పదో వస్తువు అడిగితే, అది ఉందో లేదో చూడకుండానే ఉందని నమ్ముతుంది. దీన్ని ఆపే సెట్టింగ్ 4.1లో వచ్చింది, స్ట్రిక్ట్ పెట్టినంత మాత్రాన అది ఆన్ కాదు, విడిగా పెట్టుకోవాలి.

వేగం గురించి పెద్దగా చెప్పను. పాత ప్రాజెక్టులో మొత్తం తనిఖీకి నిమిషంన్నర పడుతుంది, అది చిరాకే. కంపైలర్‌ని గో భాషలోకి మారుస్తున్నామని 2025 మార్చిలో ప్రకటించారు. పదిహేను లక్షల లైన్ల వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌ని తనిఖీ చెయ్యడానికి 77.8 సెకన్లు పట్టేది 7.5 సెకన్లకు తగ్గిందని వాళ్లే చూపించారు. ఈ లోపు బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కూడా టైపులున్న ఫైళ్లని నేరుగా నడిపిస్తోంది, వెర్షన్ 23.6 నుంచి ఫ్లాగ్ (నడిపేటప్పుడు ఇచ్చే అదనపు సూచన) కూడా అక్కర్లేదు. అయితే అది టైపుల్ని చెరిపి నడుపుతుందే తప్ప సరిచూడదు. చెరిపితే సరిపోని ఈనమ్ (పేర్లు పెట్టిన విలువల జాబితా) లాంటివి ఉంటే ఒప్పుకోదు. నేను ఈనమ్‌లు మానేసి, 'ఈ కొన్ని మాటల్లో ఒకటే' అని చెప్పే స్ట్రింగ్ యూనియన్లకు మారి చాలాకాలమైంది, చదవడానికీ అవే హాయి.

టైపులతో విన్యాసాలు చెయ్యాలన్న మోజు నాకూ వచ్చింది. ఒకసారి ఫారమ్‌ల కోసం నలభై లైన్ల కండిషనల్ టైపు, అంటే షరతుని బట్టి మారే టైపు, రాశాను. అది పనిచేసింది. కానీ తప్పు జరిగినప్పుడు వచ్చే ఎర్రర్ మెసేజ్ తెరంత పొడవు ఉండేది, దాన్ని చదవడానికి అందరూ నన్నే పిలిచేవాళ్లు. నేను సెలవులో ఉన్నప్పుడు ఒక జూనియర్ రెండు రోజులు దాని దగ్గరే ఆగిపోయిందని తెలిసి, వచ్చిన రోజే తీసేసి మూడు మామూలు టైపులు రాశాను.

ఆ జూనియర్ మాట వచ్చింది కాబట్టి, నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న: "జావాస్క్రిప్ట్ వదిలేసి నేరుగా టైప్‌స్క్రిప్ట్ నేర్చుకోవచ్చా? ఉద్యోగాలన్నీ అదే అడుగుతున్నాయి కదా." వదిలెయ్యడానికి లేదు. నేను ఇంటర్వ్యూలు చేసినవాళ్లలో ఏ టైపుతోనైనా పనిచేసే జెనరిక్స్ చకచకా రాసి, సేవ్ చేసే ఫంక్షన్ ముందు 'అవెయిట్' (పని పూర్తయ్యేదాకా ఆగమనే పదం) మర్చిపోతే ఏమవుతుందో చెప్పలేనివాళ్లు ఉన్నారు. దాన్ని మామూలుగా కంపైలర్ పట్టదు, లింట్‌లో వేరే నియమం పెట్టాలి. పేజీ ముందుకు వెళ్లిపోతుంది, సేవ్ కొన్నిసార్లు అవుతుంది, కొన్నిసార్లు కాదు. క్లోజర్, ప్రామిస్, ఈవెంట్ లూప్, జావాస్క్రిప్ట్ పనిచేసే తీరులోని ఈ మూలాలు తెలియకపోతే టైపులు ఎన్ని నేర్చినా పునాది లేని మేడే. రెండు మూడు నెలలు ఉత్త జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న యాప్ రాయండి, అది మీ చేతుల్లో విరగనివ్వండి, తర్వాత అదే యాప్‌ని టైప్‌స్క్రిప్ట్‌లోకి మార్చండి. ఏ టైపు ఏ దెబ్బ నుంచి కాపాడుతుందో మీకే కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఆ అనుభవం చెబితే నేనైతే కండిషనల్ టైపుల కన్నా దానికే ఎక్కువ విలువిస్తాను.

రెండో ప్రశ్న ఏఐ గురించి. ఇప్పుడు మా కోడ్‌లో చాలా భాగం దాని సాయంతోనే వస్తోంది. లేని ప్రాపర్టీని ఉన్నట్టు రాస్తే కంపైలర్ అక్కడికక్కడే పట్టేస్తుంది, ఆ మేరకు టైపుల అవసరం పెరిగింది. కానీ ఎర్రర్ పోగొట్టమంటే అది కూడా మనలాగే 'ఆజ్' పెట్టేస్తుంది. అందుకే రివ్యూలో నేను మొదట వెతికేది ఆ పదాన్నే. టైపు అంతా సరిగ్గా ఉండి తగ్గింపు శాతం తలకిందులుగా లెక్కగట్టిన కోడ్ కూడా చూశాను. అది చదివి పట్టుకోవాల్సింది మనిషే. ఆ చూపు ఉన్నంతకాలం మన పనికి ఢోకా లేదని నేను నమ్ముతున్నాను.

ప్రతిదానికీ టైప్‌స్క్రిప్ట్ కావాలని అనను. రెండు వందల లైన్ల స్క్రిప్ట్‌కి జేఎస్‌డాక్, అంటే టైపులు చెప్పే కామెంట్లు, రాసి అదే కంపైలర్‌తో సరిచూసుకుంటాను, బిల్డ్ అక్కర్లేదు. వెబ్ పేజీలు కట్టే సాధనం స్వెల్ట్ బృందం 2023లో తమ సొంత లైబ్రరీ కోడ్‌నే ఇలా మార్చుకుంది, వాడేవాళ్లకు టైపులు అందుతూనే ఉన్నాయి. వెర్షన్ మార్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. చిన్న వెర్షన్ పెరిగినా కొత్త ఎర్రర్లు రావచ్చు, అందుకే మేం దాన్ని ఎప్పుడూ విడి మార్పుగానే చేస్తాం, రిలీజ్ వారంలో ముట్టుకోం.

పాత ప్రాజెక్టులో ఇంకా ముప్పై ఏడు 'ఎనీ'లు మిగిలాయి. ఇరవై తొమ్మిది ఆ రీఫండ్ లెక్కల ఫైల్లోనే ఉన్నాయి. రాసిన మనిషి వెళ్లిపోయి ఆరేళ్లైంది, టెస్టులు లేవు, ముట్టుకుంటే ఏమవుతుందోనని అందరం దూరంగానే ఉన్నాం. పోయిన వారం దానికి మొదటి టెస్టు రాశాను. సోమవారం మొదటి 'ఎనీ' తీస్తాను.