రాజ్‌పుత్ ఓడలు రెండున్నాయి, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి

హనుమకొండలో ఒక చిన్న 3డీ ప్రింటింగ్ షాపులో మా బాపు కోసం ఓడ బొమ్మ చేయించాను. జరిగిన పొరపాటును వాళ్లే దిద్దారు కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

బాపు 1960ల చివర్లో నేవీలో స్టోకర్. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ బాయిలర్ రూమ్‌లో పనిచేశాడు. 1971 యుద్ధంలో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగే నాటికి ఆయన్ని వేరే ఓడకు మార్చేశారు. ఆ మాటెత్తితే ఇప్పటికీ కోపమే.

నేను చీటీ మీద ‘రాజ్‌పుత్, 1971’ అని రాసిచ్చాను. వాళ్లు నెట్‌లో వెతికి ముందు దొరికిన ఫైల్ ప్రింట్ చేసిపెట్టారు. అదేమో సోవియట్ యూనియన్‌లో కట్టింది, 1980లో మన నేవీలో చేరి 2021లో రిటైరైన మిసైల్ ఓడ. బాపు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "గిది మాది కాదు బిడ్డా. మా దానికి పొగగొట్టం ఒక్కటే. గిన్ని ఎక్కడికెల్లి వచ్చినయ్?" అన్నాడు. కౌంటర్ దగ్గరి పిల్లవాడికి నోట మాట రాలేదు.

బాపు చెప్పే రాజ్‌పుత్ అసలు బ్రిటిష్ వాళ్ల హెచ్ఎంఎస్ రోథర్‌హామ్. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో కట్టి 1942లో నీళ్లలోకి దించారు. 1944 ఏప్రిల్‌లో సుమత్రా దగ్గరి సబాంగ్ మీద విమానాలతో దాడి చేసినప్పుడు కాపలా ఓడల్లో ఇదీ ఉంది. 1949లో మనకొచ్చింది. దాని జోడీ ఓడలు రెడౌట్, రైడర్ మన దగ్గర రంజిత్, రాణా అయ్యాయి. 1971లో మన విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ వైపు ఉంటే, ఘాజీని మోసగించడానికి తానే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో నటించింది ఈ ముసలి ఓడే. డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ హార్బర్ దాటి డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేసింది. ఘాజీ వాటివల్లే మునిగిందని మన నేవీ అంటుంది, పాకిస్తాన్ మాత్రం ప్రమాదమంటుంది. మా ఇంట్లో ఆ రెండో మాట అనే ధైర్యం ఎవరికీ లేదు. 1976లో ఓడను తుక్కు కింద వేశారు.

రోథర్‌హామ్ ఫైల్ వెతికి రెండోసారి చేసింది మాత్రం బాగా కుదిరింది. 350లో ఒక వంతు సైజు, పొడవు 31 సెంటీమీటర్లు. 4.7 అంగుళాల ఫిరంగులు ముందు రెండు, వెనక రెండు. టార్పెడో గొట్టాలు నాలుగేసి చొప్పున రెండు వరసలు. యుద్ధకాలపు బ్రిటిష్ నంబర్ హెచ్09 తీసేసి, అడగ్గానే మన డీ141 నంబర్ వేశారు. బాపు భూతద్దం పెట్టి ఫిరంగులు ఒక్కొక్కటే లెక్కపెట్టి, "రంగు ఇంకొంచెం తెల్లగుండాలె" అన్నాడు. అంతకుమించి వంక దొరకలేదు.

ఫిరంగి గొట్టాలు గుండుసూది కన్నా సన్నం. ఇంటికొచ్చేసరికి ఒకటి విరిగింది, ఫెవిక్విక్‌తో అతికించాం. డబ్బాలో థర్మాకోల్ పెడితే సరిపోయేది, అదీ పెట్టలేదు. చెక్క స్టాండుకు వేరే తీసుకున్నారు, ఆ సంగతి ముందు చెప్పలేదు. మొత్తం 3,400 అయింది. రెండో ప్రింటుకు పైసా అడగలేదు కాబట్టి ఎక్కువనిపించలేదు. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. మీరు చేయించుకుంటే ఓడ పేరుతో పాటు పాత ఫొటో ఒకటి వాట్సాప్ చేయండి, ప్రింట్ మొదలుపెట్టే ముందు స్క్రీన్ మీద చూపించమనండి.