చెక్కభజనల రికార్డింగులకు ఇంట్లో కట్టుకున్న నిల్వ, 5.1 శబ్ద వ్యవస్థ: ఆరేళ్ల వాడకం తరువాత

కడపలోని మా ఇంట్లో రెండు అరల నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునేది), అందులో 4 టెరాబైట్ల హార్డు డిస్కులు రెండు, పాటలు, సినిమాలు ఆడించే కోడి (Kodi) అనే సాఫ్ట్‌వేర్ నడిచే ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు, శబ్దాన్ని స్పీకర్లకు పంచే డెనాన్ రిసీవరు, ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్ 2019 చివరి నుంచి వాడుకలో ఉన్నాయి. పెట్టె, డిస్కులు ఏ కంపెనీవైనా ఇక్కడ చెప్పే విషయాల్లో పెద్ద తేడా రాదు కనుక వాటి పేర్ల జోలికి పోవడం లేదు. ఆరు వేసవులు, లెక్కలేనన్ని కరెంటు కోతలు గడిచాక ఏది నిలబడింది, ఏది నిలబడలేదు, ఏ ఖర్చు చెవికి తెలిసింది అన్నదే నేను రాయదలచుకున్నది.

ముందుగా, దీన్ని ఎందుకు కట్టుకున్నానో చెప్పాలి. మా వైపు చెక్కభజనలో గురువు తాళం పట్టుకొని మధ్యలో నిలబడతాడు. పదహారు మందో ఇరవై మందో చేతుల్లో చెక్కలతో, కాళ్లకు గజ్జెలతో ఆయన చుట్టూ తిరుగుతూ అడుగు వేస్తారు. బయట నిలబడి చూసేవారికి అదంతా కలిసిన ఒకే మోత. మధ్యలో ఉన్న గురువుకు మాత్రం ఏ చెక్క ఏ దిక్కున మోగిందో తెలుస్తుంది, అడుగు తప్పినవాడు వీపు వెనుక ఉన్నా దొరికిపోతాడు. ఆ మధ్య చోటు నుంచి వినిపించేది ఇంట్లో వినాలన్న కోరికతోనే, చుట్టూ స్పీకర్లు పెట్టుకొని వినే సరౌండ్ వైపు వచ్చాను. గురువు అనుమతి తీసుకొని, ఆయన పక్కన స్టాండు మీద జూమ్ హెచ్2ఎన్ రికార్డరు నిలబెడతాను. అది ముందువైపు రెండు, వెనుకవైపు రెండు, మొత్తం నాలుగు ఛానళ్లను 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌ల వద్ద రెండు స్టీరియో ఫైళ్లుగా రాసుకుంటుంది. అలా రాస్తే గంటకు రెండు గిగాబైట్ల పైన అవుతుంది. రాత్రి తొమ్మిదికి మొదలై ఒంటిగంట దాకా సాగిన భజన ఎనిమిది గిగాబైట్లు దాటుతుంది. ఆ రెండు ఫైళ్లను ఆడాసిటీ అనే శబ్ద సాఫ్ట్‌వేర్‌లో కలిపి నాలుగు ఛానళ్ల ఫ్లాక్ ఫైలుగా మార్చి దాచుకుంటాను. ఫ్లాక్ ఎనిమిది ఛానళ్ల వరకు మోస్తుంది, శబ్దంలో ఒక్క బిట్టు కూడా పోనివ్వదు. హార్మోనియం, పాట మాత్రమే ఉన్న భాగం దాదాపు సగానికి కుదించుకుంటుంది గాని, చెక్కల మోత నిండిన భాగం అంతగా తగ్గదు. అందుకే కొనేటప్పుడు వేసుకున్న లెక్క కంటే చోటు త్వరగా నిండుతూ వచ్చింది.

మొదట్లో రిసీవరుకు ఆప్టికల్ కేబుల్ వేశాను. నాలుగు ఛానళ్ల ఫైలు పెడితే ముందు స్పీకర్లు రెండే మోగాయి. రిసీవరు పాడైందేమోనని రెండు రోజులు దిగులుపడ్డాను. నిజానికి ఆప్టికల్ తీగ కుదించని శబ్దాన్ని రెండు ఛానళ్లకు మించి మోయలేదు, డాల్బీ డిజిటల్ గానో డీటీఎస్ గానో కుదిస్తే తప్ప దాని గుండా 5.1 పోదు. హెచ్‌డీఎంఐ అయితే కుదించని శబ్దాన్నే ఎనిమిది ఛానళ్ల దాకా పంపుతుంది. గ్రాఫిక్స్ కార్డు నుంచి హెచ్‌డీఎంఐ తీగ వేసి, విండోస్‌లోను, కోడిలోను స్పీకర్ల అమరిక 5.1 అని చెప్పాక వెనుక స్పీకర్లు మోగాయి. సొంతంగా నాలుగు ఛానళ్లు రికార్డు చేసుకునేవారు ఆప్టికల్ జోలికి పోకుండా ఉంటే మంచిది.

స్పీకర్లను నిలబెట్టడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం (ఐటీయూ) ఇచ్చిన బీఎస్ 775 సిఫారసు ప్రకారం ముందు రెండూ మధ్య గీతకు 30 డిగ్రీల చొప్పున, వెనుక రెండూ 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. కూర్చునే చోట మేకు కొట్టడానికి బండలు ఒప్పుకోవు కనుక అక్కడ ఒక బరువైన గుండు పెట్టి, దానికి దారం కట్టి, మరో కొసన ముగ్గుపిండితో నేల మీద వలయం గీసి, కోణమానినితో గుర్తులు పెట్టుకున్నాను. సినిమాలకు 110 డిగ్రీలు చక్కగా సరిపోయింది. చెక్కభజనకు సరిపోలేదు, ఎందుకంటే వెనుక తిరిగేవారు కూడా చెవుల పక్కనే ఆగిపోయినట్లు వినిపించి, వలయంలో వీపు వైపు ఒక ఖాళీ మిగిలింది. 135 డిగ్రీలకు జరిపితే వలయం పూర్తయింది గాని సినిమాల్లో వాన, జనసందోహం వంటివి వీపుకు అంటుకున్నట్లు అయ్యాయి. చివరకు 125 దగ్గర ఆగాను. సిఫారసును ఐదు డిగ్రీలు దాటినందుకు నాకు విచారం లేదు, ఇంట్లో ఎక్కువ వినేది ఏదో దాన్ని బట్టే స్పీకరు నిలబడాలి.

ఈ వ్యవస్థకు మా ఇంట్లో అసలు పరీక్ష పెట్టింది నేల. మాది పాత ఇల్లు, నేలకు నల్ల కడప బండలు, గోడలకు నున్నని సున్నం, పైన మిద్దె. ఎండాకాలం ఆ బండల మీద పడుకుంటే ఒళ్లు చల్లబడుతుంది గాని శబ్దానికి అవి అద్దం వంటివి. గది మధ్య నిలబడి ఒక్క చప్పట్లు కొడితే గోడకూ గోడకూ నడుమ ఆ చప్పుడు టపటపలాడుతూ పోయేది. చెక్క దెబ్బ చాలా పదునైన, పొట్టి చప్పుడు. మొదటిసారి స్పీకర్లలో విన్నప్పుడు ప్రతి దెబ్బకూ వెనుక ఒక నీడ పడి, ఒక మనిషి రెండు చెక్కలు కొట్టినట్లు వినిపించింది. రికార్డింగు తప్పేమోనని హెడ్‌ఫోన్‌లో విన్నాను, అందులో దెబ్బ ఒకటే ఉంది. తప్పంతా గదిది. ముందు స్పీకర్లకూ కుర్చీకీ నడుమ దళసరి జంపఖానా ఒకటి, దాని కింద పాత బొంత ఒకటి పరిచాను. ఎడమ, కుడి గోడల మీద అద్దం ఆనించి జరుపుకుంటూ పోయి, కుర్చీలో కూర్చున్న నాకు ఏ చోట స్పీకరు అద్దంలో కనబడిందో అక్కడ కొయ్య చట్రాలకు దూది నింపిన పరుపులు బిగించి వేలాడదీశాను. ఆ సాయంత్రం అదే ఫైలు పెట్టాను. దెబ్బ దెబ్బగా వినిపించింది, గజ్జెలు చెక్కల నుంచి విడిపోయాయి, గురువు గొంతు గోడల మీద నుంచి దిగి మధ్యకు వచ్చింది. రిసీవరు మీద పెట్టిన డబ్బులో పదో వంతు కూడా కాని ఆ బొంతలు, పరుపులు చేసిన మేలు ఇంకే వస్తువూ చేయలేదని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

సబ్ ఊఫర్ నుంచి వచ్చే లోతైన బేస్ శబ్దానికి బొంతలు చాలవు. మా గది పొడవు 15 అడుగులు, వెడల్పు 12 అడుగులు. శబ్దవేగాన్ని సెకనుకు 343 మీటర్లుగా తీసుకుంటే పొడవు వైపు 37 హెర్ట్జ్‌ల దగ్గర, వెడల్పు వైపు 47 హెర్ట్జ్‌ల దగ్గర గదిలో శబ్దం దానంతటదే ఉబ్బుతుంది. గది శబ్దాన్ని కొలిచే, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే 37 దగ్గర గుట్టలా లేచిన గీత కనబడింది. సబ్ ఊఫర్‌ను మూలలోంచి తీసి, ముందు గోడ పొడవునా జరుపుతూ, ప్రతి చోటా మళ్లీ కొలిచి, గుట్ట తక్కువగా ఉన్న చోట పెట్టాను. మిగిలిన కొంత సవరణ రిసీవరులో ఉండే ఆడిసీ అనే గది సవరణ సౌకర్యం చూసుకుంది. ఆ కొలతలు తీసేటప్పుడు సీలింగు ఫ్యాను ఆపాలి. మే నెల మధ్యాహ్నం కడపలో ఫ్యాను ఆపి కూర్చోవడం కుదరని పని కనుక తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, వీధిలో బండ్లు మొదలు కాకముందే పని ముగించాను.

ఇక నిల్వ. రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉండేలా అద్దం పద్ధతిలో, అంటే రెయిడ్ 1లో పెట్టాను. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్న ధీమాతో రెండేళ్లు ఇంకెక్కడా నకలు దాచలేదు. 2021లో ఒంటిమిట్ట వైపు ఒక పల్లెలో తీసిన శ్రీరామనవమి భజన ఫోల్డరుకు పేరు మార్చబోయి, పాతదనుకొని అసలుదాన్నే తుడిచేశాను. అద్దంలో చెయ్యి ఎత్తితే ప్రతిబింబమూ ఎత్తినట్లు, రెండో డిస్కులోనూ అదే క్షణాన పోయింది. రికార్డరులోని కార్డును తరువాతి భజనకు వాడేయడం వల్ల నాలుగు గంటల్లో రెండు గంటలు మాత్రమే తిరిగి దొరికింది. ఆ రాత్రి మధ్యలో నిలబడి నడిపించిన పెద్దాయన మరుసటి ఏడాది మంచం పట్టారు, ఆయన మళ్లీ భజన కట్టలేదు. కొన్న సీడీ పోతే ఇంకొకటి కొనవచ్చు, ఆ రెండు గంటలు ఎవరూ అమ్మరు.

అప్పటి నుంచి మూడు చోట్ల నకలు ఉంటుంది. నాస్ పెట్టెలో ఒకటి, నెలకోసారి తగిలించి మళ్లీ తీసి బీరువాలో పెట్టే బయటి డిస్కులో ఒకటి, అనంతపురంలో మా చెల్లెలింట్లో ఒకటి. మా ఇళ్లలో ఏ పండగకు ఎవరు ఎక్కడికి వెళ్లినా సంచిలో ఒక డిస్కు ప్రయాణం చేస్తుంది. మూడో నకలు పూర్తయి, ఫ్లాక్ ఫైళ్లకు పరీక్ష నడిపే దాకా రికార్డరు కార్డును తుడవను. ఫ్లాక్ ఫైలు తనలోనే అసలు శబ్దానికి ఒక ఎండీ5 ముద్ర దాచుకుంటుంది కనుక, పరీక్ష ఆదేశం ఇస్తే విప్పి చూసి సరిపోల్చి, తేడా ఉంటే చెబుతుంది. ఈ సుగుణం ఒక్కటి చాలు, వేవ్ ఫైళ్లను వదిలి ఫ్లాక్‌కు రావడానికి. నా దగ్గరున్న సీడీలకు కూడా ఇదే పద్ధతి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో వాటిలోని పాటలను ఫైళ్లుగా తీస్తాను. మన కర్ణాటక సంగీతం, హరికథల సీడీలు చాలావాటికి, ఇతరులు తీసిన ఫలితాలతో పోల్చి చూసే అక్యురేట్‌రిప్ జాబితాలో జోడీ దొరకదు కనుక ప్రతి పాటనూ రెండుసార్లు చదివించి పోల్చుకుంటాను.

డిస్కు కొనేటప్పుడు సీఎంఆర్, ఎస్ఎంఆర్ తేడా అడిగి తెలుసుకోవాలి. సీఎంఆర్ డిస్కులో సమాచారం రాసే గీతలు విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కులో అవి ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఒకచోట తిరగరాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. ఒక దుకాణంలో నాస్ కోసమేనని చెప్పి ఇచ్చిన డిస్కు ఆ రకానిదని ఇంటికి తెచ్చాకే తెలిసింది. అద్దం మళ్లీ కట్టుకోవడానికి అది మూడు రోజులు తీసుకుంది, తరువాత వేసిన సీఎంఆర్ డిస్కు ఒక్క రాత్రిలో ముగించింది.

వేడి విషయంలో మొదటి ఏడాది తప్పు చేశాను. పిల్లలకు అందదని పెట్టెను అటక మీద పెట్టాను. మిద్దె పగలంతా తాగిన ఎండను రాత్రి పదకొండు దాకా కిందికి వదులుతుంది. మే నెలలో డిస్కులు 54 డిగ్రీలు చూపాయి. మెట్ల కింద, బండల మీద నాలుగు ఇటుకల ఎత్తున పెట్టాక అదే నెలలో 46 దాటలేదు. డిస్కుల కరకర కూడా వినే గదికి దూరమైంది. నెట్‌వర్క్ తీగ మీదనే శబ్దం వస్తుంది కనుక దూరం వల్ల నష్టమేమీ లేదు. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల 5.1 శబ్దానికి కూడా సెకనుకు 14 మెగాబిట్లు చాలు.

కరెంటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇంటి ఇన్వర్టరు కోత పడ్డప్పుడు అందుకునే లోపలే నాస్ ఆరిపోయేది, అందుకని మధ్యలో చిన్న యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ తీగను పెట్టెకు కలిపాను. బ్యాటరీ తగ్గితే పెట్టె తనంతట తాను పద్ధతిగా మూసుకుంటుంది. అంతకంటే వింతైనది గుర్ర్ మనే హమ్. వానాకాలంలో నిశ్శబ్దంగా ఉండే సబ్ ఊఫర్ మార్చి వచ్చేసరికి సన్నగా మొదలుపెట్టి, ఏప్రిల్‌లో పాట ఆగినప్పుడల్లా వినబడేది. కంప్యూటరు డబ్బాకు వేలి వెనుక భాగం ఆనిస్తే సన్నగా జివ్వుమనేది. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి, ఇల్లంతా వదిలి నేరుగా పెరట్లోకి పోయి ఎర్తింగ్ గుంత చూశాడు.

“గుంత బొత్తిగా ఎండిపోయింది సార్. బొగ్గు, ఉప్పు మళ్లీ వేస్తా. మీరు ఎండాకాలమంతా వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి,” అన్నాడు.

“నీళ్లు పోస్తే స్పీకరు మోత తగ్గుతుందా అన్నా?” అని అడిగాను.

“డబ్బా జివ్వుమనడం ఆగిపోతుంది సార్. మోత కొంచెం మిగిలితే అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డుకు తెచ్చుకోండి.”

ఆయన చెప్పినట్లే అయింది. ఎండిన నేల లీకయ్యే కరెంటును దించుకోలేకపోతే అది కేబుళ్ల పై తొడుగుల గుండా దారి వెతుక్కుంటుంది. రెండు బోర్డుల ఎర్తులు వేరువేరుగా ఉంటే ఆ తేడా కూడా స్పీకరులోనే మోగుతుంది. రిసీవరు, కంప్యూటరు, సబ్ ఊఫర్ మూడింటినీ ఒకే బోర్డుకు తెచ్చాక హమ్ పూర్తిగా పోయింది. ఇప్పుడు ఎండాకాలంలో తులసి కోటకు నీళ్లు పోసే చేతితోనే ఆ గుంతకూ పోస్తున్నాం.

స్టీరియోగా వచ్చిన అన్నమయ్య కీర్తనలను, ఆకాశవాణి నుంచి క్యాసెట్లకెక్కించుకున్న పాతవాటిని రెండు స్పీకర్లలోనే వింటాను. వాటిని ఐదింటికీ పంచే సౌకర్యం రిసీవరులో ఉంది గాని, దాన్ని వాడితే తంబుర గది అంతా పాకి గాయకుడు పలచబడతాడు.

ఈ జనవరిలో నాస్ మొదటి డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో, ఆరేళ్లుగా సున్నాగా ఉన్న, చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టర్ల సంఖ్య 8కి చేరింది. ఎనిమిది పెద్ద సంఖ్య కాదు, కదలడం మొదలైందన్నదే లెక్క. 8 టెరాబైట్ల సీఎంఆర్ డిస్కులు రెండు తెప్పించాను. పాతవాటిలో బాగున్నది అనంతపురం వెళ్తుంది. శ్రీరామనవమి భజనలు మొదలయ్యే లోపల అన్ని ఫైళ్లకూ పరీక్ష నడిపి, కార్డు ఖాళీ చేసుకొని సిద్ధంగా ఉండాలి.