తామరకు పూత మందా, మాత్రలా?

నాట్ల రోజుల్లో భీమవరం, అమలాపురం వైపు మందుల షాపుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది.

పూత మందు: ఒకటి రెండు మచ్చలకు, నీళ్లలో నానిన కాలివేళ్ల సందులకు ఇది చాలు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. మచ్చ చుట్టూ కూడా రాయాలి, దురద తగ్గినా వెంటనే ఆపకూడదు. భయమల్లా స్టెరాయిడ్ కలిసిన ట్యూబులతోనే. రెండ్రోజులు హాయిగా ఉంటుంది, తామర మాత్రం పాకిపోతూనే ఉంటుంది.

మాత్రలు: మింగడం తేలికే. కానీ కాలేయ జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు.

ఒళ్లంతా పాకినా, పిల్లల తలలో జుట్టు ఊడి మచ్చలు పడినా మాత్రలే. కాలిగోళ్లకు పట్టిన తామరకు టెర్బినాఫిన్ (ఫంగస్‌ని చంపే మందు) మాత్రలైతే సాధారణంగా 12 వారాలు వాడాలి; గోరు పూర్తిగా మారడానికి ఏడాది పైనే పట్టొచ్చు. రొయ్యల చెరువు పనివాళ్లు ఏది వాడినా తడిబట్ట మార్చుకోకపోతే మళ్లీ మొదటికే.