ప్లాన్ 9 డాక్యుమెంటేషన్: ఏళ్ల తరబడి వాడాక

బెల్ ల్యాబ్స్ తయారుచేసిన ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నెట్‌లో వెతికితే ముందు అలాంటి పేరే ఉన్న ఒక పాత అమెరికన్ సినిమా వస్తుంది, దాని తర్వాత ఎప్పుడో రాసి వదిలేసిన ఇన్‌స్టాలేషన్ గైడ్లు వస్తాయి. అవి చూసి చాలామంది దీనికి సరైన డాక్యుమెంటేషనే లేదనుకుంటారు. నేనైతే ఇంత శ్రద్ధగా రాసిన మాన్యువల్ ఇంకే సిస్టమ్‌లోనూ చూడలేదు. సెర్చ్ ఇంజిన్ మానేసి, సిస్టమ్‌తో పాటే వచ్చే మాన్ పేజీలు, అంటే మాన్యువల్ పేజీలు, తెరవండి, చాలు.

ఒకటో సెక్షన్‌లో కమాండ్లు, రెండులో లైబ్రరీ ఫంక్షన్లు, అలా వెళ్తుంది. నాకు బాగా నచ్చింది ఐదోది. అటాచ్, వాక్, రీడ్, క్లంక్ అంటూ, ప్రోగ్రాములు ఫైళ్లను అడిగి తెచ్చుకునే 9పి ప్రోటోకాల్ మొత్తం కొద్ది పేజీల్లోనే ఉంటుంది, అవి నిదానంగా చదివితే సొంతంగా ఫైల్ సర్వర్ రాసుకోవచ్చు. చాలా పేజీల చివర సోర్స్ కోడ్ ఎక్కడుందో కూడా ఇస్తారు, అనుమానం వస్తే వెంటనే ఆ ఫైల్ తెరిచి చూసుకోవడమే. పేజీ పేరు తెలియకపోతే లుక్‌మాన్ కమాండ్‌కి ఒక మాట ఇస్తే వెతికి పెడుతుంది.

ఎలా పనిచేస్తుందో మాన్ పేజీలు చెబుతాయి, ఎందుకలా కట్టారో తెలియాలంటే సిస్టమ్‌తోనే వచ్చే పేపర్లు చదవాలి. నేమ్‌స్పేస్‌ల (ఒక్కో ప్రోగ్రాముకి కనిపించే ఫైళ్ల అమరిక) మీద ఉన్న పేపర్ తప్పకుండా చదవండి. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతి మీద పేపర్ కూడా అక్కడే ఉంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ తయారుచేసిన ఆ ఎన్‌కోడింగ్ మొదట వాడింది ఈ సిస్టమ్‌లోనే. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి మూడేసి బైట్లు పడేది దానివల్లే.

అసలు టెన్షన్ వెర్షన్ల దగ్గర. నెట్‌లో దొరికే పాత రాతల్లో చాలావరకు 2002 నాటి నాలుగో ఎడిషన్‌వి, కానీ ఇప్పుడు ఎక్కువమంది వాడేది 2011లో దాన్నుంచి విడిపోయిన 9ఫ్రంట్ అనే వెర్షన్. పాత గైడ్‌లో ఫాసిల్ ఫైల్ సిస్టమ్ పెట్టమంటారు, 9ఫ్రంట్‌లో అది లేనే లేదు. లాగిన్ ప్రోటోకాల్ కూడా మారిపోయింది. కాబట్టి ఏ పేజీ తెరిచినా ముందు అది ఏ ఎడిషన్‌దో చూడండి. 9ఫ్రంట్ వాళ్ల ఎఫ్‌క్యూఏలో (ప్రశ్నలు-జవాబుల గైడ్) జోకులు మరీ ఎక్కువ, కొత్తవాళ్లకి చిరాకు తెప్పిస్తాయి, అయినా ఇన్‌స్టాలేషన్ వరకు నమ్మాల్సింది దాన్నే. 2021లో బెల్ ల్యాబ్స్ యజమాని నోకియా హక్కులన్నీ ప్లాన్ 9 ఫౌండేషన్‌కి ఇచ్చేసింది, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల ఎంఐటీ లైసెన్స్ వచ్చింది, పాత ఎడిషన్లు కూడా వాళ్ల సైట్‌లో దొరుకుతాయి. ఏది ఎప్పుడు మారిందో పోల్చి చూడ్డానికి అవి నాకు బాగా పనికొచ్చాయి.

లోటు ఏంటంటే, ఒక పని మొదలు నుంచి చివరిదాకా చూపించే పేజీలు తక్కువ. లాగిన్లు సరిచూసే ఆథ్ సర్వర్ పెట్టాలంటే సమాచారం మూడు సెక్షన్లలోకి చెదిరిపోయి ఉంటుంది. ముందు ఆరో సెక్షన్‌లో ఆథ్‌సర్వ్, తర్వాత అక్కడే ఎన్‌డీబీ, ఆపైన నాలుగులో ఫ్యాక్టోటమ్, చివరికి ఎనిమిదిలో ఆథ్, ఈ వరుసలో ఆ పేజీలు చదివితే అర్థమవుతుంది.