మూడు రీఫర్బిష్డ్ సర్వర్లతో ప్రైవేట్ క్లౌడ్: పవర్‌ఎడ్జ్ ఆర్7515తో ఏడాది

బెంగళూరు మారతహళ్లిలోని మా చిన్న సంస్థలో టెస్టింగ్, బిల్లింగ్, అంతర్గత డేటాబేసులు అన్నీ కలిపి అరవైకి పైగా వర్చువల్ మెషిన్లు (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ సృష్టించే విడివిడి కంప్యూటర్లు) నడుస్తాయి. వాటిని నడపడానికి మేము వాడుతున్న సాఫ్ట్‌వేర్ తయారీ సంస్థ వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సొంతం చేసుకొని, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మారింది. దానితో సాఫ్ట్‌వేర్‌నూ, అప్పటికే పాతబడిన సర్వర్లనూ ఒకేసారి మార్చడం మేలని మేము నిర్ణయించుకున్నాము. ఎస్పీ రోడ్డులోని ఒక రీఫర్బిష్డ్ సర్వర్ల దుకాణంలో మూడు డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్7515లు కొని, వీఎంవేర్‌కు బదులుగా వాడే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఒక క్లస్టర్‌గా (కలిసి పనిచేసే సర్వర్ల జట్టుగా) కట్టి ఏడాది గడిచింది.

అదే దుకాణంలో రెండు సాకెట్ల (అంటే రెండు ప్రాసెసర్లు పట్టే) సర్వర్లు కూడా అందుబాటు ధరలో ఉన్నా, మేము ఒకే సాకెట్ ఉన్న ఆర్7515 వైపు మొగ్గడానికి కారణం ఉంది. ఇందులోని ఏఎండీ ఎపిక్ 7402పీ ఒక్కటే 24 కోర్లు, 8 మెమరీ ఛానెళ్లు (ప్రాసెసర్, మెమరీ మధ్య డేటా దారులు), డిస్కులు, కార్డులు తగిలించడానికి 128 పీసీఐఈ లేన్లు ఇస్తుంది. మా పనికి రెండో ప్రాసెసర్ అవసరమే లేదు. పైగా ప్రాక్స్‌మాక్స్ చందాను సాకెట్‌కు ఇంత అని లెక్కిస్తారు కాబట్టి, సాకెట్లు సగమైతే ఏటా కట్టేదీ సగమే. కోర్ల లెక్కన వసూలు చేసే వీఎంవేర్‌లో ఉండిపోయేవారు మాత్రం ఒక ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్లకు చెల్లించాలన్న నియమాన్ని గుర్తుంచుకోవాలి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్లు రెండు పెట్టుకున్నా 32 కోర్ల డబ్బు కట్టవలసిందే.

వర్చువల్ మెషిన్లను మోసే సర్వర్‌లో, అంటే హోస్టులో, ముందుగా నిండేది ప్రాసెసర్ కాదు, మెమరీ. ఒక హోస్ట్ ఆగిపోయినా దాని మీది మెషిన్లన్నీ మిగిలిన రెండింటిలో ఇమడాలి. అందుకే ఒక్కొక్క దానిలో 256 జీబీ చొప్పున మొత్తం 768 జీబీ ఉన్నా, మేము 512 జీబీనే మా హద్దుగా పెట్టుకొని, అందులోనుంచి స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌కు కావలసినది కూడా తీసివేసి లెక్క వేశాము. 32 జీబీ మాడ్యూళ్లు ఎనిమిది కావాలని ఆర్డరులో స్పష్టంగా రాసినప్పటికీ, మొదటి సర్వర్‌లో 64 జీబీవి నాలుగే వచ్చాయి. పరిమాణం సమానమే అయినా ఎనిమిది ఛానెళ్లలో నాలుగు ఖాళీగా ఉండడం వల్ల మెమరీ బ్యాండ్‌విడ్త్ (డేటా అందే వేగం) సగానికి పడిపోతుంది. మొత్తం మెమరీ అంకె ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు; ఏ స్లాట్లు నిండాయో కూడా చూడాలి. అడిగిన నాలుగు రోజులకు మార్చి ఇచ్చారు; కానీ మొదటే సరిగ్గా పంపవలసింది. ఇప్పుడు పదహారు స్లాట్లలో ఎనిమిది ఖాళీగా ఉన్నాయి, రేపు పెంచుకోవడానికి అవి చాలు.

స్టోరేజీకి సెఫ్ వాడుతున్నాము; ఇది అన్ని హోస్టుల డిస్కులనూ కలిపి ఒకే నిల్వగా చూపే సాఫ్ట్‌వేర్. ఒక్కొక్క హోస్టులో 3.84 టీబీ ఎస్‌ఎస్‌డీలు నాలుగు చొప్పున మొత్తం 46 టీబీ ఉన్నా, ప్రతి డేటాకు మూడు కాపీలు ఉంచుతుంది కాబట్టి చేతికి వచ్చేది 15 టీబీ. అది కూడా 85 శాతం దాటితే సెఫ్ హెచ్చరిస్తుంది. డిస్కులను నేరుగా సెఫ్‌కు అప్పగించాలి గనుక, డిస్కులను తానే కలిపి నడిపే రెయిడ్ కార్డు బదులు, వాటిని ఉన్నవి ఉన్నట్టు చూపే హెచ్‌బీఏ కార్డు అడిగి వేయించుకోండి. ఎస్‌ఎస్‌డీల దగ్గర పొదుపు వద్దు. కరెంటు పోయినా అప్పుడు రాస్తున్న డేటాను కాపాడే కెపాసిటర్లు లేని డెస్క్‌టాప్ రకం డిస్కులు, ప్రతి రాతనూ ఫ్లాష్‌లో భద్రపరిచాకే బదులు చెప్పవలసి వస్తుంది కనుక, సెఫ్ కింద చాలా నెమ్మదిస్తాయి. మేము వాటిని ప్రయోగానికి పెట్టి రెండు రోజుల్లో తీసేశాము.

దుకాణం సంగతికి వస్తే, యజమాని ఓపికగా మాట్లాడారు, మా ఎదుటే మెమరీ పరీక్ష నడిపించారు. బిల్లులో ప్రతి సర్వర్ సర్వీస్ ట్యాగ్ (డెల్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాయించుకోవడం మా పని అయింది. సర్వర్ తెరను దూరం నుంచే చూసి నడిపే రిమోట్ కన్సోల్ కోసం, డెల్ నిర్వహణ వ్యవస్థ అయిన ఐడ్రాక్‌కు ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు ఉందో లేదో కొనక ముందే చూసుకోవాలి. విడిగా ఎపిక్ ప్రాసెసర్ కొనేవారికి మరో జాగ్రత్త: డెల్ బోర్డు మీద ఒకసారి నడిచిన చిప్ భద్రతా ఏర్పాటులో భాగంగా ఆ కంపెనీకే లాక్ అయి, వేరే కంపెనీ బోర్డుపై లేవకపోవచ్చు. శబ్దం, వేడి ఎక్కువే కాబట్టి మనుషులు కూర్చునే గదిలో వీటిని పెట్టకూడదు.

మూడు హోస్టుల క్లస్టర్‌కు ఒక లోటు ఉంది. ఒకటి పడిపోతే పని ఆగదు గానీ, మూడో కాపీని పెట్టడానికి వేరే హోస్ట్ లేక, పడిపోయినది తిరిగి వచ్చేవరకు డేటా రెండు కాపీల మీదే ఉంటుంది. అందుకే వచ్చే త్రైమాసికంలో నాలుగోది కొంటున్నాము. నడుస్తున్న మెషిన్‌ను ఇంటెల్ నుంచి ఏఎండీకి ఆపకుండా తరలించడం నమ్మదగిన పద్ధతి కాదు కనుక, అదీ ఎపిక్ సర్వరే, అదీ ఎనిమిది మాడ్యూళ్లతోనే. ఈసారి డబ్బు కట్టే ముందే దుకాణంలో మూత తెరిచి చూస్తాము.