మెదక్ చర్చిని చీకటి పడ్డాక చూపించే కారు ఎక్కొద్దు

హైదరాబాద్ నుంచి మాట్లాడుకున్న కిరాయి కారుకు 4,800 రూపాయలు. ఆ డబ్బుకు డ్రైవర్ ఏడుపాయల గుడి, పోచారం జలాశయం, మెదక్ ఖిల్లా అన్నీ తిప్పి, చర్చిని ఆఖరుకు నెట్టాడు. డిసెంబరులో సాయంత్రం ఐదున్నర దాటితే పొద్దు గుంకినట్టే. లోపలికి అడుగుపెడితే కిటికీల్లో నల్లటి అద్దం, అడ్డదిడ్డంగా సీసపు గీతలు. "దీనికోసమా ఇంత దూరం?" అని అత్తమ్మ మొహం ముడుచుకుంది.

రంగు అద్దాల ముక్కలను సీసంతో అతికి బొమ్మలు కూర్చిన కిటికీలవి. ఆ రంగు కనిపించేది బయటి వెలుగు అద్దంలోంచి లోపలికి వచ్చినప్పుడే. బయట చీకటి పడ్డాక లోపల ఎన్ని లైట్లు వేసినా ఉపయోగం లేదు, ఆ వెలుగు అద్దం ముందువైపే పడుతుంది. పగలు బయట నిలబడి చూసినా ఇంతే, నల్లగానే కనిపిస్తాయి.

పెద్ద కిటికీలు మూడు. బలిపీఠం వెనక ఉత్తరాన యేసు ఆరోహణం, అంటే పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం, 1927లో పెట్టారు. పడమట జననం, 1947. తూర్పున సిలువ, 1958. చర్చిల్, రూజ్‌వెల్ట్‌ల చిత్రపటాలు గీసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటికి రూపమిచ్చాడు. తూర్పు కిటికీని ఉదయం తొమ్మిది, పది మధ్య చూడాలి. పడమటిది మూడున్నర తర్వాత వెలుగుతుంది. ఉత్తరం వైపు చలికాలంలో నేరుగా ఎండ పడదు కాబట్టి ఆరోహణం రోజంతా ఒకే తీరుగా, కళ్లు చెదరకుండా కనిపిస్తుంది. ఒక్కపూటే వీలైతే పొద్దున్నే వెళ్లండి. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, ఆ రోజు వద్దు.

లోపల ఫొటోలు తీయనివ్వరు. మంచి నియమం. ఫ్లాష్ కొడితే ఎలాగూ రంగు చచ్చిపోతుంది.

బయటి ఫొటోకు మాత్రం కాలం చూసుకోవాలి. గోపురం 175 అడుగులు, ముఖద్వారం దక్షిణానికి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, ముందుభాగం మీద పగలంతా ఎండే. ఉదయం కుడివైపు నుంచి ఏటవాలుగా పడే వెలుగులో రాతి చెక్కడాలు ఉబ్బెత్తుగా తేలతాయి. జూన్‌లో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు, గోపురం నీడలో పడి వెనక ఆకాశం తెల్లగా మండిపోతుంది. చాలామంది మెట్ల దగ్గరే నిలబడి ఫోన్ పైకెత్తుతారు, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. గేటు వైపు వెనక్కి నడవండి, ఫోన్ నిటారుగా పట్టుకోండి, కింద ఎక్కువైన నేలను తర్వాత కత్తిరించండి.

కరువు రోజుల్లో పని దొరకని జనానికి కూలీ, తిండి ఇచ్చి పాస్నెట్ అనే ఆంగ్లేయ మిషనరీ దొర కట్టించిన గుడి ఇది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. ఐదు నిమిషాల్లో చుట్టి రావడం అన్యాయం.

రాత్రి ఊళ్లోనే ఆగాల్సి వచ్చింది. లాడ్జివాళ్లు ఫోన్లో 900 అన్నారు, కౌంటర్ దగ్గర పండగ సీజన్ అని 1,400 తీసుకున్నారు. గీజర్ పనిచేయలేదు, బిల్లు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. గది తీసుకునే ముందు వేడినీళ్లు తిప్పి చూడండి, రేటు వాట్సాప్‌లో రాయించుకోండి. పొద్దున సిలువ కిటికీ ముందు అత్తమ్మ గంటసేపు కూర్చుంది, కోపం పోయింది.

కారు అక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో ఆరింటికి బస్సు పట్టుకుంటే తొమ్మిదికల్లా చర్చి దగ్గరుంటారు. ఖిల్లాను మధ్యాహ్నం చూసి, జననం కిటికీ కోసం మూడున్నరకు మళ్లీ రండి.